తెలుగు వ్యాకరణం ఆధారంగా ఆంగ్ల అభ్యాసాలు: చైనీయ విద్యార్థుల పాఠ్యసామగ్రితో పోలిక – నల్లగొండ, మహబూబ్‌నగర్ నేపథ్యం

వ్యాససంగ్రహం:

ఆంగ్ల పదజాలం, వ్యాకరణం, పఠనం నేర్పే అభ్యాసాలు అందరికీ ఒకే తీరుగా ఉండవు. నేర్చుకునేవారి మాతృభాష నిర్మాణాన్ని బట్టి అవి మారాలి. చైనీస్ మాట్లాడే విద్యార్థుల కోసం తయారైన అభ్యాసాల్లో ఈ దృష్టి స్పష్టంగా కనబడుతుంది. వాటిలో తెలుగు విద్యార్థికి పనికివచ్చేవి ఏవి, పనికిరానివి ఏవి, తెలుగు వ్యాకరణం నుంచి కొత్తగా నిర్మించుకోవలసినవి ఏవి అనే అంశాలను నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల విద్యార్థుల వాడుకభాష ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. ఆంగ్ల ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఇవ్వడమైంది.

కీలకపదాలు: ఆంగ్లబోధన, వ్యతిరేకాత్మక వ్యాకరణం, ధాతుజవిశేషణం, క్త్వార్థకం, తెలంగాణ తెలుగు, చైనీస్, పఠనం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ఎం.ఏ. పూర్తిచేసిన విద్యార్థి యూజీసీ నెట్ అర్హత పొందాలంటే రెండు పత్రాలు రాయాలి. రెండో పత్రం తెలుగులోనే ఉంటుంది. 50 ప్రశ్నలతో 100 మార్కులకు ఉండే మొదటి పత్రం మాత్రం ఇంగ్లీషు, హిందీ భాషల్లోనే ఉంటుంది. అందులో ఒక గద్యభాగం ఇచ్చి, దాని మీద ప్రశ్నలు అడుగుతారు. తిక్కన పద్యానికి అన్వయం చెప్పగలిగిన విద్యార్థి, చేమకూర వెంకటకవి శ్లేషను విడదీయగలిగిన విద్యార్థి, ఆ ఇంగ్లీషు గద్యభాగం దగ్గర ఆగిపోతాడు. అన్వయం చెప్పే శక్తి అతనికి లేక కాదు. ఆ శక్తిని ఇంగ్లీషు వాక్యం మీద ప్రయోగించవచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఇదే.

దక్షిణ తెలంగాణలోని నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ ప్రాంత విద్యార్థి ఉన్నత విద్యకు హైదరాబాదు వైపే చూసేవాడు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరైనా, భాషా వ్యవహారం దృష్ట్యా ఉమ్మడి జిల్లాలుగా చూడడమే ఇక్కడ సౌకర్యం.

ఈ నేలమీద బోధనామాధ్యమం తరతరానికీ మారుతూ వచ్చింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచింది. ఇంగ్లీషు అక్కడ తప్పనిసరి భాషగా ఉండేది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, ఉన్నతస్థాయి పాఠ్యపుస్తకాలు, పరిభాష తెలుగులో వచ్చాయి. 2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమం ప్రవేశించింది. తాతది ఉర్దూ చదువు, తండ్రిది తెలుగు చదువు, మనుమడిది ఇంగ్లీషు చదువు. ప్రతి మలుపులోనూ ముందటి భాషలో సంపాదించిన జ్ఞానాన్ని తరగతి గది గుమ్మం బయటే వదిలిపెట్టమన్నారు. ఆంగ్లమాధ్యమంతోపాటు వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉన్నాయి. పుస్తకంలో రెండు భాషలూ ఎదురెదురుగా కూర్చున్నాయి గాని, వాటిని మాట్లాడించే అభ్యాసాలు మనకు ఇంకా తక్కువే.

2. చైనీయ విద్యార్థుల కోసం ఏం చేశారు?

మాతృభాషను, నేర్చుకునే భాషను పక్కపక్కన పెట్టి పోల్చితే కష్టాలు ఎక్కడ వస్తాయో ముందే ఊహించవచ్చునని రాబర్ట్ లాడో 1957లో ప్రతిపాదించాడు. 1967లో పిట్ కార్డర్ దీన్ని మరో వైపు నుంచి చూశాడు. అభ్యాసకుని తప్పులు కేవలం లోపాలు కావు, అతడు లోలోపల కట్టుకుంటున్న వ్యవస్థకు ఆనవాళ్లు అన్నాడు. ఈ రెండు ఆలోచనల మధ్య తరవాత ఎంత వాదన నడిచినా, ఒక భాషాసమాజం కోసం ప్రత్యేకంగా అభ్యాసాలు తయారుచేసేవారు రెండింటినీ వాడుకుంటూనే ఉన్నారు. చైనీస్ మాతృభాషగా గల విద్యార్థుల విషయంలో ఈ పని విస్తారంగా జరిగింది.

కారణం స్పష్టమే. చైనీస్‌లో క్రియకు కాలబోధక ప్రత్యయాలు లేవు. పురుష, వచన, లింగ ప్రత్యయాలూ లేవు. ‘నిన్న వెళ్లు’, ‘రేపు వెళ్లు’ అన్నట్లుగా కాలాన్ని పక్కపదాలు చెబుతాయి. పని పూర్తయిందా, నడుస్తున్నదా అన్నది కొన్ని నిపాతాలు సూచిస్తాయి. నామవాచకానికి బహువచన ప్రత్యయం సాధారణంగా అక్కరలేదు. అతడు, ఆమె, అది మూడింటికీ ఉచ్చారణ ‘తా’ ఒక్కటే. లిపిలో మాత్రమే భేదం. ‘ఎందుకంటే... కాబట్టి’, ‘అయినప్పటికీ... కాని’ అని జంట సముచ్చయాలు ఒకే వాక్యంలో వస్తాయి. కాబట్టి వారి కోసం రాసిన అభ్యాసాల్లో ‘గో, వెంట్, గాన్’ రూపాల పట్టికలు, బహువచన ‘ఎస్’ చేర్చే ఖాళీలు, ‘హి’, ‘షి’ ఎంపికలు, ‘బికాజ్’ ఉన్నచోట ‘సో’ కొట్టివేసే వాక్యాలు ఎక్కువగా ఉంటాయి. ఇవి ఆ విద్యార్థుల నిజమైన అవసరాలు.

చైనీయుల అనుభవంలో మనం ముఖ్యంగా గమనించవలసిన పరిశోధన మరొకటి ఉంది. 1974లో జాక్వెలిన్ షాక్టర్ పారశీక, అరబ్బీ, చైనీస్, జపనీస్ భాషల విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన వ్యాసాలను పరిశీలించి, వాటిలోని సంబంధబోధక ఉపవాక్యాలను లెక్కించింది. చైనీయ, జపనీయ విద్యార్థులు వాటిలో తక్కువ తప్పులు చేశారు. అయితే అసలు ఆ ఉపవాక్యాలనే వారు చాలా తక్కువగా వాడారు. కష్టమైనదాన్ని తప్పించుకున్నారు కాబట్టి తప్పు కనబడలేదు. చైనీస్‌లోనూ జపనీస్‌లోనూ విశేషణవాక్యం నామానికి ముందు వస్తుంది, ఇంగ్లీషులో తరవాత వస్తుంది. తెలుగులోనూ ముందే వస్తుంది. జవాబుపత్రంలో ఎర్రసిరా తక్కువగా ఉందని సంతోషించే అధ్యాపకులం ఈ పరిశీలన దగ్గర కాసేపు ఆగాలి.

3. మనకు అక్కరలేనివి:

చైనీయ విద్యార్థుల కోసం తయారైన అభ్యాసపుస్తకాన్ని యథాతథంగా నల్లగొండ తరగతిలోకి తెస్తే సగం కాలం వృథా అవుతుంది. కాలం అనే భావన మన విద్యార్థికి కొత్త కాదు. ‘నేను పోయిన, నువ్వు పోయినవ్, వాడు పోయిండు, ఆమె పోయింది’ అని నాలుగు రూపాలు వాడే నోటికి క్రియ కర్తను బట్టి మారుతుందని చెప్పనక్కరలేదు. ‘రెండు పుస్తకాలు’ అనే భాషలో పుట్టినవాడికి అంకె తరవాత బహువచనం సహజమే. ‘వాడు’, ‘ఆమె’ వేర్వేరు కాబట్టి ‘హి’, ‘షి’ తారుమారు కావడం అరుదు.

అయితే ఈ మూడు చోట్లా కొన్ని మెలికలు ఉన్నాయి. పాలు, నీళ్లు, వడ్లు తెలుగులో నిత్యబహువచనాలు. ‘నీళ్లు ఉన్నాయి’ అన్న అలవాటు ‘వాటర్ ఆర్ దేర్’ అని రాయిస్తుంది. చైనీయునికి బహువచన ప్రత్యయం మరచిపోవడం సమస్య అయితే, మనవారికి అక్కరలేని చోట దాన్ని చేర్చడం సమస్య. కాలం విషయమూ ఇంతే. ‘నేను దినాం నల్లగొండకు పోత’, ‘నేను రేపు నల్లగొండకు పోత’ – రెండింటిలో క్రియ ఒక్కటే. తద్ధర్మమూ భవిష్యత్తూ ఒకే రూపంలో ఇమిడిపోయాయి. ‘డైలీ ఐ విల్ గో టు నల్గొండ’ అనే వాక్యం పుట్టేది ఇక్కడే. దీనికి కావలసింది పన్నెండు కాలాల పట్టిక కాదు. ‘పోత’ అన్న ప్రతిసారీ ‘దినామా? రేపా?’ అని అడిగే చిన్న అభ్యాసం. అలాగే ‘తిన్న’ అన్న ఒక్క రూపం ‘ఐ ఏట్’, ‘ఐ హ్యావ్ ఈటెన్’ రెండింటికీ సరిపోతుంది. ఎప్పుడు తిన్నామో చెబుతున్నామా, తిన్నందువల్ల ఇప్పుడు ఆకలి లేదని చెబుతున్నామా అని విడదీస్తేగాని తేడా తెలియదు.

4. తెలుగు వ్యాకరణం నుంచి నిర్మించుకోవలసినవి:

4.1 ‘అ’, ‘ద’ – ద్వితీయా విభక్తి

ఇంగ్లీషు ఉపపదాలు తెలుగులోనూ లేవు, చైనీస్‌లోనూ లేవు. ఈ ఒక్క కష్టం ఉభయులకూ సమానం. సాధారణంగా దీన్ని నియమాల జాబితాగా నేర్పుతారు. కాని నిర్దిష్టత అనే భావన తెలుగులో మరోచోట దాగి ఉంది. ‘పుస్తకం కొన్న’, ‘పుస్తకాన్ని కొన్న’ అనే రెండు వాక్యాలు చదవండి. మొదటిది విన్నవాడు ‘ఏం పుస్తకం?’ అని అడుగుతాడు. రెండోది విన్నవాడికి ఏ పుస్తకమో ముందే తెలిసి ఉండాలి. జడవాచకాలకు ద్వితీయ స్థానంలో ప్రథమ కూడా వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణం కారకపరిచ్ఛేదంలో చెప్పాడు. రూపభేదాన్ని ఆయన గమనించాడు. దానికి తోడుగా వచ్చే అర్థభేదం మన అభ్యాసానికి పనికివస్తుంది. విద్యార్థులకు పది తెలుగు వాక్యాలిచ్చి, ఎక్కడ ‘ని’ చేర్చితే సహజంగా ఉంటుందో గుర్తించమనాలి. ఆ తరవాతే ఇంగ్లీషు వాక్యాల్లో ‘అ’, ‘ద’ ఎంచుకోమనాలి. ఈ సామ్యం అన్నిచోట్లా కుదరదు. మనుష్యవాచకాలకు ద్వితీయా ప్రత్యయం తప్పనిసరి కాబట్టి అక్కడ ఇది పనిచేయదు; కర్తృస్థానంలోనూ పనిచేయదు. అయినా మొదటి మెట్టుగా ఇది నియమాల జాబితా కంటె మేలు.

4.2 ధాతుజవిశేషణం – మాయమైన విభక్తి

ఈ వ్యాసంలో అన్నిటికంటె ముఖ్యమని నేను భావించే అంశం ఇదే. తెలుగులో ధాతుజవిశేషణం నామానికి ముందు చేరినప్పుడు ఆ నామానికి ఉండవలసిన విభక్తి జాడ లేకుండా పోతుంది.

‘నేను చదివిన పుస్తకం’ – పుస్తకాన్ని చదివిన.
‘నేను చదివిన బడి’ – బడిలో చదివిన.
‘నేను రాసిన పెన్ను’ – పెన్నుతో రాసిన.
‘నేను భయపడే మనిషి’ – మనిషికి భయపడుత.

నాలుగింటిలోనూ పైకి కనబడే నిర్మాణం ఒక్కటే. లో, తో, కు అన్నవి వినేవాడు తన లోకజ్ఞానంతో పూరించుకుంటాడు. ‘మేమొచ్చిన ఊరు’ అంటే వదిలివచ్చిన ఊరో, చేరుకున్న ఊరో సందర్భమే చెప్పాలి. ఇంగ్లీషు ఈ స్వేచ్ఛ ఇవ్వదు. ‘ద స్కూల్ ఇన్ విచ్ ఐ స్టడీడ్’, ‘ద పెన్ విత్ విచ్ ఐ రోట్’ అని విభక్తిని బయటపెట్టి తీరాలి, లేదా ‘వేర్’ వంటి పదంతో దాన్ని పూరించాలి. మన విద్యార్థి రాసే ‘ద స్కూల్ విచ్ ఐ స్టడీడ్’ అజ్ఞానం వల్ల వచ్చిన తప్పు కాదు. అది తెలుగు వాక్యానికి నమ్మకమైన ప్రతిబింబం.

అభ్యాసం మూడు అంచెల్లో నడవాలి. మొదట తెలుగు పదబంధాన్ని రెండు వాక్యాలుగా విడదీయడం: ‘ఇది బడి. నేను ఈ బడిలో చదివిన.’ ఇక్కడ పోయిన విభక్తి తిరిగి వస్తుంది. రెండో అంచెలో వాటిని విడివిడిగా ఇంగ్లీషులో రాయడం: ‘దిస్ ఈజ్ ద స్కూల్. ఐ స్టడీడ్ ఇన్ ద స్కూల్.’ మూడో అంచెలో రెండింటినీ కలపడం. సమాసానికి విగ్రహవాక్యం చెప్పడం నేర్చిన తెలుగు విద్యార్థికి మొదటి అంచె కొత్త కాదు. విగ్రహవాక్యంలో పోయిన విభక్తిని తిరిగి తేవడమే కదా అతడు ఇన్నాళ్లూ చేసింది.

ఈ ప్రాంత వాడుకలో మరో చిక్కు కూడా ఉంది. శిష్టభాషలో ‘కొన్నాను’ సమాపకక్రియ, ‘కొన్న’ ధాతుజవిశేషణం. తెలంగాణ వాడుకలో ‘నేను పుస్తకం కొన్న’, ‘నేను కొన్న పుస్తకం’ – రెండుచోట్లా ‘కొన్న’ ఒక్కటే. వాక్యం ముగిసిందా, విశేషణం మొదలైందా అన్నది పదక్రమమే తేల్చుతుంది. ఇంగ్లీషులోనూ పదక్రమమే అర్థాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి, ఈ వాడుక మన విద్యార్థికి అడ్డంకి కాదు, ఆధారం. ‘ముందు శుద్ధమైన తెలుగులో చెప్పు, ఆ తరవాత ఇంగ్లీషులో చెప్పు’ అనే అధ్యాపకుడు విద్యార్థి చేత రెండు అనువాదాలు చేయిస్తున్నాడు. నేరుగా ‘కొన్న’ నుంచి ఇంగ్లీషుకు పోవడమే సులువు.

4.3 క్త్వార్థకాల వరుస

‘పొద్దుగాల లేచి, మొకం కడుక్కొని, బస్సెక్కి కాలేజీకొచ్చిన’ అన్న వాక్యంలో సమాపకక్రియ ఒక్కటే. మిగిలినవన్నీ క్త్వార్థకాలు. ప్రతి క్త్వార్థకానికీ ‘ఆఫ్టర్’ చేర్చి ‘ఆఫ్టర్ గెటింగ్ అప్, ఆఫ్టర్ వాషింగ్...’ అని రాసే వాక్యం అధ్యాపకులకు చిరపరిచితం. ఇంగ్లీషు ఈ పనులన్నిటికీ సమాన హోదా ఇచ్చి, సమాపకరూపాలతో ‘ఐ గాట్ అప్, వాష్డ్ మై ఫేస్, బోర్డెడ్ ద బస్ అండ్ కేమ్ టు కాలేజ్’ అంటుంది. ఎన్ని క్త్వార్థకాలున్నాయో లెక్కించి, అన్ని సమాపకక్రియలు రాయించడమే దీనికి అభ్యాసం.

4.4 ‘అని’

‘వాడు రేపొస్తనన్నడు’ – ఇందులో ‘వస్త’ ఉత్తమపురుష. చెప్పినవాడి మాటను తెలుగు అలాగే ఉంచి ‘అని’తో బంధిస్తుంది. దీన్ని మాటకు మాటగా మారిస్తే ‘హి సెడ్ దట్ ఐ విల్ కమ్’ అవుతుంది. అప్పుడు రావలసినవాడు మారిపోతాడు! పరిశోధనవ్యాసంలో పూర్వపరిశోధకుల అభిప్రాయాలను ఇంగ్లీషులో ఉదాహరించేటప్పుడు ఈ తప్పు వల్ల ఎవరి అభిప్రాయం ఎవరిదో తెలియని పరిస్థితి ఏర్పడుతుంది. పురుష, కాలం రెండూ మార్చే అభ్యాసం పరిశోధక విద్యార్థులకు ప్రత్యేకంగా అవసరం.

5. పదజాలం:

మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన సామాన్య పదపట్టికలో సుమారు 2,000 పదాలున్నాయి. ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో రూపొందించిన విద్యావిషయక పదపట్టికలో 570 పదకుటుంబాలున్నాయి. పరిశోధక విద్యార్థికి రెండోది దగ్గరిదారి. దాని స్వభావం చూస్తే తెలుగు శాఖ విద్యార్థికి ఒక అనుకూలత కనబడుతుంది.

చైనీస్‌లో ‘ఫెన్‌షీ’ అనే ఒకే మాట ‘విశ్లేషించు’ అనే క్రియగానూ ‘విశ్లేషణ’ అనే నామంగానూ నిలుస్తుంది. అందుచేత ‘అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్, అనలిస్ట్’ అనే నాలుగు రూపాలు ఆ విద్యార్థికి నాలుగు భారాలు. తెలుగులో విశ్లేషించు, విశ్లేషణ, విశ్లేషణాత్మకం, విశ్లేషకుడు అని నాలుగూ ఉన్నాయి. పరికల్పన, ప్రాతిపదిక, వర్గీకరణ, సిద్ధాంతం – ఇవన్నీ మన విద్యార్థి సిద్ధాంతవ్యాసంలో నిత్యం వాడే మాటలే. పట్టికలోని పదానికి నిర్వచనం బట్టీ పట్టించడం కంటె, తెలుగు కుటుంబాన్ని ఒక వరుసలో, ఇంగ్లీషు కుటుంబాన్ని ఎదురు వరుసలో పెట్టి జత చేయించడం ఫలవంతం. అర్థం ముందే తెలుసు, తెలియనిది రూపమే.

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ‘కరెంటు’ మనకు విద్యుత్తు, ఇంగ్లీషు వ్యాసంలో అది ‘ప్రస్తుత’మో ‘ప్రవాహ’మో కావచ్చు. ‘బోరు’ అనగానే పాలమూరు రైతుకు ఎండిన నేల కళ్లముందు కదులుతుంది. ఇంగ్లీషు నవలలో అది విసుగు. మన తరగతిలో ‘ఒక డౌటుంది సార్’ అంటే ‘ఒక ప్రశ్న ఉంది’ అని అర్థం. ‘ద ఆథర్ డౌట్స్ దిస్ వ్యూ’ అన్న వాక్యాన్ని ‘రచయిత ఈ అభిప్రాయం గురించి ప్రశ్నిస్తున్నాడు’ అని చదివితే ఖండన కాస్తా కుతూహలంగా మారిపోతుంది. తెలియని మాటకు నిఘంటువు చూస్తాం. తెలుసనుకున్న మాటకు చూడం. అరువుపదాల చిక్కు అంతా అక్కడే ఉంది.

6. పఠనం:

మైకేల్ వెస్ట్ ఒకప్పుడు బెంగాల్‌లో పనిచేశాడు. అక్కడి ద్విభాషా పరిస్థితిని పరిశీలించి 1926లో ప్రకటించిన గ్రంథంలో, భారతీయ విద్యార్థికి మాట్లాడడం కంటె ముందు చదవడం నేర్పాలని వాదించాడు. ఈ వాదాన్ని అన్ని స్థాయిలకూ అంగీకరించలేం గాని, తెలుగులో పరిశోధన చేసే విద్యార్థి విషయంలో అది నేటికీ సరైనదే. అతనికి ఇంగ్లీషుతో మొదటి అవసరం సంభాషణ కాదు, గ్రంథపఠనం.

ఏం చదవాలి? విషయం ముందే తెలిసినదాన్ని చదవాలి. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి ఇంగ్లీషులో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వెలువడింది. తెలుగు ఎం.ఏ. విద్యార్థికి అందులోని విషయం చాలావరకు పరిచితమే కాబట్టి, భాష మీద దృష్టి నిలపగలుగుతాడు. రెండో మార్గం సొంత నేల గురించి రాసినదాన్ని చదవడం. నల్లగొండ పేరు ప్రపంచ శాస్త్రసాహిత్యంలో ఒక పద్ధతికి స్థిరపడింది. తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన విధానమే ‘నల్గొండ టెక్నిక్’. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పుతారు. ఏర్పడిన ముద్దలు ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు చేరతాయి. పైనున్న నీటిని తీసుకుంటారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచిక. వంకరపోయిన కాళ్లను, గారపట్టిన పళ్లను తన ఊళ్లో చూసి పెరిగిన విద్యార్థికి ఈ విషయానికి ప్రస్తావన అక్కరలేదు.

ఈ విధానాన్ని వివరిస్తూ అభ్యాసం కోసం రాసుకున్న మూడు వాక్యాలు చూద్దాం:

‘ఆలమ్ ఈజ్ యాడెడ్ టు ద వాటర్. ద ఫ్లాక్స్ దట్ ఫార్మ్ సెటిల్ అట్ ద బాటమ్. ద వాటర్ ఫ్రమ్ విచ్ ద ఫ్లోరైడ్ హ్యాజ్ బీన్ రిమూవ్డ్ ఈజ్ డ్రాన్ ఆఫ్ త్రూ అ ట్యాప్.’

తెలుగు పాఠకుడు అలవాటుగా సమాపకక్రియ కోసం వాక్యం చివరికి చూస్తాడు. ఇంగ్లీషులో అది నడుమ ఉంటుంది. రెండో వాక్యంలో ‘ఫార్మ్’, ‘సెటిల్’ అని రెండు క్రియలు పక్కపక్కనే వచ్చాయి. ఏది వాక్యానికి సమాపకక్రియ, ఏది విశేషణవాక్యంలోది? ‘దట్ ఫార్మ్’ను కుండలీకరణాల్లో పెట్టి చూస్తే ‘ఫ్లాక్స్ సెటిల్’ అనే అసలు వాక్యం మిగులుతుంది. ‘ఏర్పడిన ముద్దలు అడుగుకు చేరుతయి’. మూడో వాక్యంలో ‘ఫ్రమ్ విచ్’ మొదలు ‘రిమూవ్డ్’ దాకా కుండలీకరిస్తే, ‘వాటర్ ఈజ్ డ్రాన్ ఆఫ్’ మిగులుతుంది. కుండలీకరించినదంతా తెలుగులో ‘ఫ్లోరైడ్ తీసేసిన’ అనే రెండు మాటలు. ‘ఫ్రమ్’కు సమానమైన ‘నుంచి’ తెలుగులో ఎక్కడ పోయిందో 4.2లో చూశాం. రాయడంలో విభక్తిని తెచ్చుకోవలసిన చోటే, చదవడంలో దాన్ని దించుకోవాలి.

ఈ మూడు వాక్యాలను ఒక తరగతిలో చదివించడానికి గంట పట్టవచ్చు. పట్టనివ్వాలి. ఇంగ్లీషు మాటల మీద తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకొని గడగడ చదివే విద్యార్థి గొంతు మనల్ని మోసం చేస్తుంది. చదివింది చదివినట్టే వినబడుతుంది, అన్వయం ఒక్కటీ జరిగి ఉండదు. సమాపకక్రియ కింద గీత, విశేషణవాక్యానికి కుండలీకరణం, ఆ తరవాత తన ఊరి మాటలో తాత్పర్యం – ఈ మూడూ జరిగాకే పైకి చదివించడం మంచిది. పద్యం చదివించేటప్పుడు పదవిభాగం, అన్వయం, తాత్పర్యం అనే క్రమం పాటిస్తాం. ఇంగ్లీషు గద్యానికి ఆ క్రమం పనికిరాదని ఎవరు చెప్పారో తెలియదు.

చివరి అభ్యాసంగా దిశ మార్చి, ఇంట్లో పెద్దవాళ్లు బురదనీళ్లను ఎలా తేర్చేవారో అడిగి రాసుకురమ్మనవచ్చు. ‘చిల్లగింజ అరగదీసి, నీళ్లల్ల కలిపి, తేరినంక వంచుకుంటరు’ అన్న వాక్యం వస్తే అందులో క్త్వార్థకాలు రెండు, సమాపకక్రియ ఒకటి. ఇంగ్లీషులో ‘దే గ్రైండ్ ద సీడ్, మిక్స్ ఇట్ ఇన్ ద వాటర్...’ దాకా సాఫీగా సాగుతుంది. ‘తేరినంక’ దగ్గర కలం ఆగుతుంది. తెలుగులో తేరేది నీళ్లు. ఇంగ్లీషులో ‘సెటిల్’ అయ్యేది మట్టి. నీళ్లు ‘క్లియర్’ అవుతాయి. ఒకే దృశ్యాన్ని తెలుగు పైనుంచి చూసింది, ‘సెటిల్’ అనే మాట అడుగునుంచి చూసింది. ఏ కర్తతో వాక్యం రాయాలో ముందు విద్యార్థే తేల్చుకోవాలి; నిఘంటువు తరవాత తెరవవచ్చు.